అప్పడాల ప్యాకెట్ మీది అమ్మాయి

శిరసిలో నాగవేణికి ఎండాకాలమంతా ఒకటే పని. ఉడికిన పనస తొనలు దంచడం, ఉండలు చేసి అప్పడాలు ఒత్తడం, చాపల మీద ఎండబెట్టడం. ఆ ఏడు ఇంకో పని వచ్చిపడింది. ప్యాకెట్ మీదికి ఫోటో ఎంచాలి.

మైసూరులో పెద్ద దుకాణం నడిపే సదానందయ్యకు అప్పడాలు నచ్చాయి గానీ ప్యాకెట్ నచ్చలేదు. "మందుల పొట్లంలా ఉందమ్మా. బాగుచేయించండి, గురువారం వచ్చి చూస్తాను" అన్నాడు. ఆయన కాదంటే నాగవేణి పని మూసేసి, మరిది ఇంట్లో వండిపెడుతూ బతకాల్సిందే. మరిది మంచివాడే. తోటికోడలు మాత్రం ఉప్పు కూడా తనే కొలిచి ఇస్తుంది.

కంప్యూటర్ పని తెలిసిన అక్క కొడుకు శ్రీపాద, ఇంటర్నెట్‌లో అమ్మే ఫోటోలు ఒక్కొక్కటే చూపించాడు. సూటు వేసుకున్న ఒకాయన అప్పడం చూసి పళ్ళన్నీ బయటపెట్టాడు.

"వీడెవడ్రా, అప్పు ఇప్పిస్తానని వచ్చినవాడిలా ఉన్నాడు" అంది నాగవేణి.

చివరికి పచ్చచీర కట్టుకుని, పళ్ళెం పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి కుదిరింది. పైగా చవక.

బుధవారం పొద్దున నమూనా ప్యాకెట్లు వచ్చాయి. చూస్తే ఫోటోలో వెనక గోడ ఉంది, అమ్మాయి లేదు.

"ఈవిడేదిరా?"

"పొద్దున పూట హుబ్బళ్ళిలో పళ్ళ డాక్టరు బోర్డు మీద ఉంటుంది పిన్నీ. మధ్యాహ్నం దావణగెరెలో పెళ్ళిసంబంధాల వాళ్ళ దగ్గర. చవక ఫోటో కదా, అందరూ కొనుక్కుంటారు. మన వంతు నాలుగింటికి."

"సదానందయ్య వచ్చేది పదకొండింటికిరా."

శ్రీపాద తల గోక్కున్నాడు. "ఒక్కరికే ఇచ్చే ఫోటోలూ ఉంటాయి. అవి మనకందవు."

"పెళ్ళికి కుర్చీలు తెచ్చినట్టు మనిషిని కూడా అద్దెకే తెచ్చావన్నమాట."

నాలుగు దాటాక అమ్మాయి రొప్పుతూ వచ్చి ప్యాకెట్ మీద నిలబడింది. నవ్వు మాత్రం అలాగే ఉంది. ఎవరొచ్చినా ముందు బెల్లం ముక్క, చెంబుడు నీళ్ళు పెట్టి, ఆసరికి అంటే దాహానికి ఏం కావాలో అడగడం నాగవేణి ఇంటి అలవాటు. చెయ్యి దానంతటదే చెంబు మీదికి పోయింది.

"ఆసరికేం కావాలమ్మా? మజ్జిగా, నిమ్మకాయ నీళ్ళా?"

అమ్మాయి అటూ ఇటూ చూసింది. "నన్నేనా అక్కా? ఎక్కడికెళ్ళినా నవ్వమనే అంటారు. కూర్చోమని ఎవరూ అనలేదు."

ప్యాకెట్ దిగివచ్చి వసారాలో కూలబడింది. రెండు గ్లాసుల మజ్జిగ తాగింది. వేయించిన అప్పడాలు ఏడు తిన్నది. "దవడలు లాగేస్తున్నాయి" అంటూ నవ్వడం మానేసింది. రేపు పదకొండింటికి రమ్మని అడుగుదామనే నాగవేణి పక్కన కూర్చుంది. వాచిన ఆ పాదాలు చూశాక నోరు రాలేదు. జాలేసింది. ఇంకో అప్పడం వేసి ఊరుకుంది.

గురువారం సదానందయ్య చెప్పిన వేళకే దిగాడు. "ఫోటో ఇంకా కుదరలేదండీ" అంటూ నాగవేణి ప్యాకెట్‌ను బోర్లించి ముందు పెట్టింది. ఆయన తిప్పి చూశాడు.

అమ్మాయి ఉంది. నవ్వడం లేదు. కాళ్ళు బారజాపి నేలమీద కూర్చుని, పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, సగం అప్పడం నోట్లో కుక్కుకుంటోంది. ఎవరు వచ్చారోనని తలెత్తి కూడా చూడలేదు.

"నవ్వే ఫోటోయేనండీ, మరి..." అని శ్రీపాద నసిగాడు.

సదానందయ్య కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాడు. "మా దుకాణం నిండా నవ్వేవాళ్ళే. తినే మనిషిని ఇప్పుడే చూస్తున్నాను. ఇలాగే ఉంచండి. పదిహేను రోజులకోసారి రెండువేల ప్యాకెట్లు పంపాలి, చేయగలరా?"

చేస్తానంది నాగవేణి. ఆయన కారు మలుపు తిరిగేదాకా ఆగి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మరిది ఇంటికి వెళ్ళే మాట మళ్ళీ తలవాల్సిన పని లేదు. అప్పుడు ప్యాకెట్ వైపు వంగింది.

"హుబ్బళ్ళి వెళ్ళలేదేమమ్మా? వాళ్ళు వెతుక్కోరూ?"

అమ్మాయి నోరు నిండా ఉంది. నమిలి మింగడానికి కాస్త సమయం పట్టింది.

"వెతుక్కోనీ అక్కా. ఇంకో రెండు వేయించు."