గొట్టంలో నీళ్ళు లేవు

షెడ్డు కప్పు కింద పాకిన, మంటలార్పే ఎర్ర గొట్టాల్లో చుక్క నీళ్ళు లేవని మాకెరెతాకు ఉదయం పదిన్నరకు తెలిసింది.

వాల్వు గదిలో ఒత్తిడి చూపే ముల్లు సున్నా మీద ఉంది. చక్రాన్ని చివరికంటా తిప్పి మూసేశారు. పైగా గొలుసు చుట్టి తాళం వేశారు. ఆమె గొట్టాన్ని వేలితో కొట్టి చూసింది. డొల్లగా మోగింది.

బయట సువా రేవు పట్నపు వాన రేకుల్ని దంచుతోంది. లోపల నూట అరవై మంది ఆడవాళ్ళు గంటకు ఐదు డాలర్లకు ఆస్పత్రి యూనిఫారాలు కుడుతున్నారు. షెడ్డు చివర ఇస్త్రీ గది, దాన్ని ఆనుకుని కప్పు దాకా బట్టల బేళ్ళు. వెనక తలుపుకు, దొంగతనాల పేరు చెప్పి, బయటినుంచి గడియ.

నిప్పు భద్రత చూసే పని మాకెరెతాది. దానికి వేరే జీతం లేదు, ఒక పసుపు చొక్కా ఇచ్చారు.

మేనేజరు హాడో ఆమె చెప్పింది విని, టేబుల్ మీది కాగితాన్ని ఆమె వైపు తోశాడు.

"రెండింటికి కొనుగోలుదారుల మనుషులు తనిఖీకొస్తున్నారు. అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం పెట్టు."

"గొట్టాల్లో నీళ్ళే లేవు సార్. ముందు వాల్వు తెరిపించండి."

"తెరిస్తే ఏ పాత అతుకు ఎక్కడ కారుతుందో నీకు తెలుసా? రేపు ఆరువేల జతలు ఓడెక్కాలి."

"అయితే నేను పెట్టను."

"పెట్టకు. ఫ్యాక్టరీ మూయించేస్తారు. ఎందుకు మూశారో ఆ నూట అరవై మందికి నువ్వే చెప్పుకో." ఆయన గడియారం చూసుకున్నాడు. "తాళం ఎవడేశాడో నాకు తెలీదు. తేల్చుకుని రా."

ఆమె కాగితాన్ని ముట్టుకోకుండా బయటికొచ్చింది.

"ఏమే పసుపు చొక్కా, మొహం అలా మాడిందేం?" కాజాలు కుట్టే భగవంతి మిషను ఆపకుండానే అడిగింది. విషయం చెవిలో చెబితే ఆమె కాలు పెడల్ మీద ఆగిపోయింది. "ఆ గదిలోకి మీ మావయ్య తప్ప ఎవరెళ్తారే? ఇస్త్రీ గది తుడిచే కర్ర ఆయన అక్కడేగా పెట్టేది."

సెమీసీ మాకెరెతా తల్లికి అన్న. పదిహేడేళ్ళుగా ఇస్త్రీ గదిలోనే ఉన్నాడు. చేతుల మీద పాత కాలిన మచ్చలు. ఆవిరిలో నిలబడి కాలర్లు నొక్కుతున్నాడు.

"మావయ్యా, వాల్వుకు తాళం ఎవరేశారు?"

"పని చేసుకోనీ తల్లీ. రెండొందల కాలర్లున్నాయి."

ఆమె వెళ్ళలేదు. తడి నేల మీద, ఆయన కాళ్ళ ముందు చతికిలబడింది. ఇస్త్రీపెట్టె గాలిలోనే ఆగిపోయింది. అలా కూర్చుంటే దేనికో ఆయనకు తెలుసు. వాళ్ళ ఆచారంలో తోబుట్టువు బిడ్డ నోరు తెరిచి అడిగితే మేనమామ లేదనకూడదు. పడవ అడిగినా, పంది అడిగినా ఇవ్వాల్సిందే. ముప్పై నాలుగేళ్ళలో మాకెరెతా ఆ హక్కు ఒక్కసారీ వాడుకోలేదు.

"మేనకోడలిగా అడుగుతున్నాను. నిజం చెప్పు."

సెమీసీ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, తనూ నేల మీద కూర్చున్నాడు.

"నేనే మూశానమ్మా. పోయినేడు బట్టలు తగిలించే కర్ర ఆ ఎర్ర గొట్టానికే కట్టాను. ఇంకెక్కడ కట్టను, చోటేదీ? కొక్కెం తగిలి, గొట్టానికుండే నీళ్ళు ఆపే గాజుబుడ్డి పగిలింది. ఎక్కడ తిప్పితే ఆగుతాయో ఒక్కడికీ తెలీదు, అరగంట నీళ్ళు చిమ్మి కొట్టాయి. షెడ్డు పదకొండు రోజులు మూశారు, ఎవరికీ కూలి లేదు. కుట్టుపని చేసే రుసీలా పిల్లలు మూడు పూటలా ఉడకబెట్టిన కర్రపెండలమే తిన్నారు. పగలగొట్టింది నేనని నోరిప్పలేదు. మళ్ళీ ఒకటి పగిలితే అన్ని బుడ్లూ పగిలి ఒక్కసారే నీళ్ళు కొడతాయని, చక్రం మూసి నా తాళం వేశాను."

"అన్నీ కొట్టవు మావయ్యా! మంట వేడి తగిలిన బుడ్డి ఒక్కటే పగులుతుంది, నీళ్ళు అక్కడే పడతాయి. శిక్షణలో చెప్పారు."

"నీకు చెప్పారు. ఇక్కడ నిప్పు పక్కన నిలబడేది మేం. మాకెవరు చెప్పారు?"

ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"అడిగావు గనక మిగతాదీ విను. మూసిన రోజే వెళ్ళి సారుకి చెప్పాను. తల కూడా ఎత్తలేదు. 'నాకేం వినపడలేదు సెమీసీ' అన్నాడు. మర్నాటినుంచి నాకు గంటకు నలభై సెంట్లు ఎక్కువ పడుతోంది. ఎందుకని నేనడగలేదు. ఆయన వెనక తలుపుకి గడియ పెట్టమంటే అదీ పెట్టాను. లోపల నువ్వూ ఉంటావని తెలిసే పెట్టాను."