రెండో గిన్నె

చేపముక్కను అద్దపు బల్ల మీద పరిచి, తోకవైపు వేలితో కొద్దిగా సాగదీసిందామె. అద్దం కింద వెలుగుతున్న ట్యూబులైటు కాంతికి మాంసం పాలగాజులా మెరిసింది. పొట్టవైపు పలచటి అంచులో గోధుమరంగు దారంలాంటిది చుట్టచుట్టుకొని ఉంది. పట్టకారు మొన దించి, తెగకుండా లాగి, పక్కనున్న ఉప్పునీళ్ళ గిన్నెలో వేసింది. పురుగు నీళ్ళలో ఒకసారి ఒళ్ళు విరుచుకుంది.

బాగా ఉడికించినా, బాగా గడ్డకట్టించినా ఆ పురుగు చస్తుంది. పచ్చిగా తింటే మాత్రం మనిషి పొట్టలో తల దూరుస్తుంది. ఆమె చెల్లెలు ఒకసారి వెనిగర్లో నానబెట్టిన పచ్చిచేప తిని కడుపు పట్టుకొని మెలికలు తిరిగిపోయింది. డాక్టరు గొంతులోంచి గొట్టం దించి, బతికున్న పురుగును బయటికి తీశాడు. ఆ చేప, ఆమె పనిచేసే ఈ చేపల శుభ్రం హాల్లోంచి వెళ్ళింది కాదు. అయినా ఆనాటి నుంచీ ప్రతి ముక్కా చెల్లెలి పళ్ళెంలోకే పోతున్నట్టు చూస్తుందామె.

మొదటి బల్ల ఆమెది, రెండో బల్ల కోడలిది. అత్త దాటించిన ముక్కను కోడలు మళ్ళీ వెలుగు మీద వేసి చూడాలి. ఏమైనా దొరికితే తన గిన్నెలో వెయ్యాలి. పని ముగిసేసరికి రెండో గిన్నెలో నీళ్ళు తేటగా ఉంటే, మొదటి బల్ల మనిషికి అంతకు మించిన గౌరవం లేదు. ఆమె పక్కన ఎవరు నిలబడినా రెండో గిన్నె తేటగానే ఉండేది. అందుకే ఆమె హాలంతటికీ దీపమక్క అయింది.

ఆమె భర్త అక్కడే ఐసు పెట్టెలు మోస్తాడు. "పెళ్ళికి ముందు నన్నూ ఆ బల్ల మీద వేసి చూసుంటే అవతలకి నెట్టేసేది," అని నలుగురిలో అంటుంటాడు.

"చూశాలే. ఏరితే ఏమీ మిగలదని ఊరుకున్నా," అంటుంది తల ఎత్తకుండానే.

కొన్నాళ్ళుగా గోధుమరంగు పురుగులు కనిపిస్తున్నాయి గానీ, మాంసం రంగులో కలిసిపోయే తెల్లవి కళ్ళకు అందడం లేదు. కళ్ళద్దాలు మార్చింది. కళ్ళు తడబడిన చోటికి వేళ్ళను పంపింది. పలచటి చేతితొడుగు కింద పురుగు చుట్ట చిన్న గడ్డలా తగిలేది. ఎవరికీ చెప్పలేదు. ఇవాళ ఐసు ఎక్కువై వేళ్ళు కూడా మొద్దుబారాయి.

భోజనాల తర్వాత కోడలి చెయ్యి ఒక ముక్క మీద ఆగింది. పట్టకారు దిగింది, లేచింది. గిన్నె వైపు వెళ్ళలేదు. పట్టిన పురుగు కాగితపు రుమాలులోకి, అక్కణ్ణించి ఏప్రాన్ జేబులోకి వెళ్ళింది. కోడలి ముఖంలో ఏ మార్పూ లేదు. అత్త దూరపు చూపుకు మాత్రం ఏ లోటూ లేదు.

ఆ జేబు ఎన్నాళ్ళ నుంచి తనను కాపాడుతోందో ఆమెకు తెలియలేదు. తర్వాతి ముక్క అందుకుంది.

సాయంత్రం గిన్నెలు చూడటానికి సూపర్‌వైజరు వచ్చాడు. "అత్తాకోడళ్ళ దగ్గర నాకేం పనుంటుందిలే," అని దాటబోయాడు.

"ఆగు బాబూ." కోడలి వైపు తిరిగింది. "జేబులోది గిన్నెలో వెయ్యి."

"ఏంటత్తయ్యా?"

"కాగితంలో చుట్టావుగా."

కోడలు కదల్లేదు. "ఒక్కటే అత్తయ్యా. ఇవాళే."

"ఒక్కటి చాలదూ? మా చెల్లినడుగు."

కాగితం విప్పిన చప్పుడు వినిపించింది. తేటనీళ్ళలో తెల్లటి పురుగు అడుగుకు దిగింది.

"నన్ను బాగా చూసుకుంటావు, కాదన్ను. నా పరువు మాత్రం నీ జేబులో దాచకు."

సూపర్‌వైజరు నేల చూశాడు. "ఇంకోసారి కళ్ళద్దాలు మారిస్తే సరిపోతుందేమో అక్కా."

"మార్చాను. రేపటి నుంచి మొదటి బల్ల దీనికివ్వు. నన్ను పెట్టెలు కట్టేచోట వెయ్యి."

"పోనీ ఒక నెల చూద్దాం..."

"నేను వదిలినదాన్ని పట్టింది. ఇంకేం పరీక్ష పెడతావు?"

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు హాలంతా వినిపించింది. తెల్లవి పట్టేటప్పుడు మొహం ఎటు వంచాలో, దీపానికి ఏ పక్క నిలబడాలో కోడలికి నేర్పింది తనేనని మాత్రం చెప్పుకోలేదు. తొడుగులు కడిగి, ఏప్రాన్ మేకుకు తగిలించి, పెట్టెలు కట్టే ఆడవాళ్ళను "నాకు కొంచెం చోటుంచండర్రా" అని పలకరిస్తూ బయటికి నడిచింది.

మర్నాడు పొద్దున కోడలు మొదటి బల్ల ముందుకు వచ్చింది. కాలికి ఏదో తగిలింది. అత్త పొట్టి మనిషి. కోడలు పొడుగరి, ఆమెకు ఎత్తు అవసరం లేదు. కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి నిలబడి మొదటి ముక్క అందుకుంది. ఆమె పాదాల మధ్య, ఉప్పునీటికి అంచులు తెల్లబారి, నడుమ రెండు చోట్ల నున్నగా అరిగిపోయిన చెక్కపీట ఉంది.