కిటికీ పెట్టెలో పాప గింజలు

ముందే తప్పు ఒప్పుకుంటున్నాను. నాకు యాభై ఏళ్లు దాటాక అక్షరాలు వచ్చాయి. ఒత్తులు తప్పిపోతాయి, దీర్ఘాలు మరిచిపోతాను, పొద్దంతా కూర్చుంటే ఒక పేజీ అవుతుంది. ఓపిక పట్టి చదవండి. ఇది మా అత్త కనక కథ.

తెల్లదొరల మీద మన్యంలో లేచిన పితూరి అణిగిన మరుసటి ఏడు. అరకు దగ్గర అడవుల దొర బంగళా ఉండేది. కనక మొగుడు సుక్రు దానికి కాపలా. కనక ఊడ్చి, మొక్కలకు నీళ్లు పోసేది. దొరసానికి ఒక్కతే కూతురు, నెల్లీ పాప. ఆరేళ్లు నిండకుండానే ఆ చలికాలంలో మన్యం జ్వరం పాపను ఎత్తుకుపోయింది. బంగళా వెనకే పూడ్చారు. అప్పట్నుంచి దొరసాని పాప గది విడిచి బయటికి రావడం మానేసింది.

ఆషాఢం వెళ్లాక ఒక పొద్దున ఆమెకు ఏమనిపించిందో, వడ్రంగిని పిలిపించి ఆ గది కిటికీకి బయటివైపు బారెడు పొడుగు టేకు పెట్టె కొట్టించింది. నీళ్లు పోవడానికి అడుగున బెజ్జాలు పెట్టించింది. గెడ్డవాగు ఒండ్రు, పేడ ఎరువు, పొయ్యి బూడిద కలిపి కనక దాన్ని నింపింది. దొరసాని సీమ పూల గింజల పొట్లాలు నాలుగు, చిన్న రుమాలు మూట ఒకటి తెచ్చి కనక చేతిలో పెట్టి, చాలాసేపు ఏదో చెప్పింది. బట్లరు అప్పలస్వామి సాలూరు మనిషి. దొరసాని మాట కనకకు అతనే చెప్పాలి. పొయ్యిమీద కోడి మాడిపోతోందని అతని తొందర.

"ఏటంటంది బావూ?"

"గింజలన్నీ పెట్టెలో ఎయ్యమంటంది. బేగి కానీ."

కొండమీద ఒంటి గింజ చల్లరు. సామ, కొర్ర, కంది ఒకే చేటలో కలిపి పోడులో జల్లుతారు. ఒకటి పోయినా ఇంకొకటి నిలబడి ఆదుకుంటుందని. పైగా ఇంటి గింజ కాస్త కలపకపోతే పరాయి విత్తనం మొలవడానికి మొహమాటపడుతుందని పెద్దల మాట. కనక పొట్లాలూ మూటా విప్పి చేటలో పోసింది. తన కొంగున ఉన్న వలిసెలు, కొండమీద పండే నూనెగింజలు, చిటికెడు కలిపింది. దండం పెట్టి చల్లింది. ఖాళీ రుమాలు మడిచి దొరసాని చేతికిచ్చింది.

దొరసాని రుమాలు విప్పింది. దులిపింది. తిప్పి చూసింది. తర్వాత గోడ పట్టుకుని అక్కడే కూలబడిపోయింది.

"ఓలమ్మో!" అన్నాడు అప్పలస్వామి. "ఆ మూట పాప తన సేత్తో ఏరి దాసుకున్నదట. ఏ పువ్వో ఎవులికీ తెల్దు. మొలిస్తే సూసుకుందారని, ఓ మూల యేరేగా ఎయ్యమన్నాది."

"మరప్పుడు సెప్పవేటి? నోట్లో ఏటున్నాది, కోడికాలా?"



దొరసాని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. రోజూ పొద్దున్నే కిటికీ దగ్గరికి వచ్చి మొలకల వంక చూసి, కనక వంక చూసేది. ఏదీ, అని ఆ చూపు. కొండమీద కనకకు తెలియని ఆకు లేదు. పాప ఏరింది ఇక్కడి గింజే అయితే పోల్చుకోకుండా ఉంటానా అనుకుని, వంగి ఆకు ఆకునా వెతికేది. సీమ మొక్కలు లేచాయి. వలిసె లేచింది, అది తాను వేసినదే. మరింకేమీ లేదు.

భాద్రపదంలో దొరకు బదిలీ అయింది. పెట్టెలో ఇంకా మొగ్గ పడలేదు. డోలీలు వచ్చిన పొద్దున దొరసాని కనక చెయ్యి పట్టుకుని ఒక్క మాట అడిగింది. ఈసారి అప్పలస్వామి పొల్లు పోకుండా చెప్పాడు.

"నా బిడ్డది ఏదీ, అంటంది."

"రానేదు బావూ. ముక్కిపోనాయేమో."

"ఆ మాట నాను సెప్పనేను. అది ఇంటే ఈ తల్లి ఘాటీ దిగదు. ఏదోటి సూపించు. పాపం నాది."

"పాపం పంచుకుంటే తరుగుతాదేటి?" అంది కనక. అని, వలిసె మొక్క మీద వేలు పెట్టింది.

దాన్ని మట్టితో సహా పెళ్లగించి వెదురు బొంగులో నాటి ఇచ్చింది. దొరసాని ఆ ఆకులకు చెంప ఆనించింది. బొంగును ఒళ్లో పెట్టుకుని డోలీ ఎక్కింది. మలుపు తిరిగేదాకా తల ఎత్తలేదు.

ఆశ్వయుజంలో పెట్టె విరగబూసింది. ఎరుపు, నీలం, తెలుపు, ఊదా, చెక్క కనబడనంత పూత. సంతకు పోయేవాళ్లు బరువులు దించి మరీ చూసేవారు. ఒకనాడు నీళ్లు పోస్తుంటే ఆ గుబురు నీడన, మూలకు, జానెడు మొక్క కనబడింది. ఆలస్యంగా మొలిచినట్టుంది. దానికి ఒకే ఒక్క గులాబిరంగు పువ్వు. గెడ్డ ఒడ్డున రాళ్ల మధ్య మొలిచేది, ఎవరూ పెంచనిది. దాని కాయ ముట్టుకుంటే చాలు, చిట్లి గింజలు ఎగురుతాయి.

కనక సుక్రును కేకేసింది. అతను వంగి చూశాడు.

"అరె! పాప గెడ్డకాడ ఈ కాయలే సిట్లగొట్టీది. సిట్లినప్పుడల్లా నవ్వీది. నా తలపాగా నిండా గింజలే."

"మరి ఇన్నాళ్లూ సెప్పవేటి?"

"నన్నెవులడిగినారు?"

దొర ఏ ఊరు వెళ్లాడో బంగళాలో ఎవరికీ తెలియదు. అప్పలస్వామి వాళ్ల వెంటే పోయాడు. కనక ఆ పువ్వు కోయలేదు. కాయలు ముదిరాక వేలు తగలనివ్వలేదు. అవి వాటంతట అవే చిట్లి, కొన్ని గింజలు కిటికీలోంచి ఖాళీ గదిలో ఒక మూల పడ్డాయి. కొత్త దొర వచ్చేదాకా, ఆ గది ఊడ్చినప్పుడల్లా కనక ఆ మూల వదిలేసి ఊడ్చేది.

కిల్లో రత్న,
అరవై మూడేళ్లు,
ఇప్పుడు హుకుంపేటలో మా చిన్నమ్మాయి దగ్గర ఉంటున్నాను.