ఖాళీగా వదలని గడి

పొద్దున ఎనిమిదిన్నరకు ఆమె పీట ఎక్కి, తెల్ల చెక్కపెట్టె తలుపు తెరిచి, ఊపిరి బిగబట్టి థర్మామీటర్ చూసింది. దగ్గరగా ఊపిరి వదిలితే ఆ వెచ్చదనానికే అంకె మారుతుందని, వాతావరణ కేంద్రంలో పరిశీలకురాలిగా చేరిన రోజున నేర్పారు. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే అలవాటు. ఇరవై తొమ్మిది పాయింట్ నాలుగు. ఈ రోజు మాత్రం రాస్తూనే గడియారం చూసుకుంది.

పదకొండింటికి పరీక్ష. కేంద్రానికి యంత్రాలు వస్తున్నాయి. వాటిని నడిపే సర్టిఫికెట్ లేనివాళ్లు నెలాఖరుకు ఇంటికే. రెండుసార్లు తప్పింది, ఇదే ఆఖరిది. పరీక్ష పుస్తకం దిండంత లావు. ప్రతి ప్రశ్నకూ ఇచ్చిన నాలుగు జవాబులూ ఒక తల్లి పిల్లల్లా ఉండేవి. ‘పైవేవీ కావు’ అన్న మాట చూస్తే మళ్లీ మొదటినుంచి చదివేది.

దానికన్నా పెద్ద భయం ఇంకొకటుంది. భూమి వేడెక్కుతోందా లేదా అని టీవీలో నెలరోజులుగా వాదులాట. పాత అంకెలన్నీ ఎవరో గదిలో కూర్చుని రాసినవేనని ఒకాయన బల్లగుద్ది చెబుతున్నాడు. జవాబుగా, పాత రిజిస్టర్లన్నిటికీ ఫొటోలు తీసి అందరి ముందూ పెడతామని పైఅధికారులు ప్రకటించారు. ఈ కేంద్రం వంతు ఈ రోజే. “వదినా, మీవన్నీ గాలి లెక్కలటగా” అని పొద్దున్నే మరిది నవ్వులాటకు అన్నాడు. ఆమె టీ సగంలోనే వదిలి బయల్దేరింది.

పంతొమ్మిదేళ్ల కింద, భర్త కడసారి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం గంటన్నర ఆలస్యంగా పరుగెత్తుకొచ్చింది. రెండున్నరకు చూసి రాయాల్సిన గడిలో నలభై ఒకటి పాయింట్ ఆరు అని రాసేసింది. అది చూసిన అంకె కాదు.

పరీక్షలో యాభై ఏడో ప్రశ్న: వేళకు అంకె చూడలేకపోతే గడిలో ఏం రాయాలి? ‘ఖాళీగా వదలాలి’ అన్నది నొక్కేసరికి ఆమెకు ఆ నలభై ఒకటి పాయింట్ ఆరు గుర్తొచ్చింది. తర్వాతి ప్రశ్నలు కళ్లకు ఆనలేదు. చివరికి తెర మీద అరవై తొమ్మిది కనిపించింది. డెబ్బై రావాలి.

తిరిగి వచ్చేసరికి, ఆమె కొడుకు వయసున్న అధికారి దగ్గరుండి ఫొటోలు తీయిస్తున్నాడు. ఆ పంతొమ్మిదేళ్ల కిందటి రిజిస్టరే బల్ల మీద ఉంది. ఆమె పేజీ తిప్పి వేలు పెట్టింది.

“సార్, ఈ అంకె నేను చూసి రాసింది కాదు.”

అతను కెమెరా ఆపించాడు. “ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయమ్మా?”

“ఇదొక్కటే.”

“ఎవరు నమ్ముతారు?”

“నా భయమూ అదే సార్.”

అతను ఎర్ర పెన్ను తీసి, అంకె పక్కన ‘అంచనా’ అని రాశాడు. టీవీవాళ్లు ముందు పట్టుకునేది ఈ పేజీనేనని, కావాలంటే దాని కింద సంతకం పెట్టవద్దని అన్నాడు. ఆమె పెట్టింది.

మూడో రోజున ఆ పేజీ టీవీలో కనిపించింది. బల్లగుద్దే మనిషి ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి నవ్వుతున్నాడు. మరిది లేచి టీవీ కట్టేశాడు. ఆమె ముఖంలోకి చూడలేక పెరట్లోకి వెళ్లిపోయాడు.

నెలాఖరు సాయంత్రం ఆమె చివరి అంకె రాసి, తాళంచెవులు అధికారి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి ఇనప స్తంభం మీది యంత్రం అంకెలు పంపుతోంది. చెక్కపెట్టె ముందు, పొట్టి మనిషి ఎక్కి నిలబడే పీట ఒకటి మిగిలింది. దాని మీద రెండు పాదాల మేర రంగంతా పోయి చెక్క నున్నబడింది.