రైలుకి దొంగ ఓట్లు

జ్ఞానకుమారికి కరోనా కన్నా పెద్ద భయం ఒకటుంది. పిల్లకి ఆయాసం వచ్చిన వేళకి రైలు లేకుండా పోవడం.

పిల్ల పేరు ఈవా, ఐదేళ్ళు. చలిగాలి సోకితే చాలు, దాని గుండెల్లో పిల్లికూతలు మొదలవుతాయి. పిల్లల డాక్టరేమో రైలుకి ఆ చివర, పట్నంలో. వీళ్ళ ఇల్లు ఈ చివర, జర్మనీలో బ్రెమెన్‌కి దూరంగా, పచ్చికబయళ్ళ నడుమ. అద్దె తక్కువని భర్త కృపాల్ వెతికి వెతికి పట్టిన ఊరు. అతను విమానాల ఫ్యాక్టరీకి తెల్లారకుండానే స్నేహితుడి కారులో పోతాడు. జ్ఞానకుమారికి కారు రాదు, సైకిలెక్కితే కాళ్ళు వణుకుతాయి, ఫోన్లో జర్మన్ మాట్లాడమంటే నాలుక మడతపడుతుంది. ఇంటర్ మధ్యలో పెళ్ళి చేసేస్తే చదువూ అక్కడే ఆగింది. ఇక ఆమెకి దిక్కల్లా ఆ ఒంటిపెట్టె డీజిలు రైలే.

ఆ రైలు కథ చెప్పింది గెజీనె మామ్మ. దారి మధ్యలో, మూతపడ్డ పాలకేంద్రం దగ్గర ఒక హాల్టుంది. ఎవరైనా ఎక్కాలన్నా దిగాలన్నా మీట నొక్కితేనే బండి ఆగుతుంది. అక్కడున్నది ఒక్కటే ఎర్రిటుకల ఇల్లు, అందులో ఉన్నది మామ్మ ఒక్కతే. వారానికోసారి చక్రాల సంచీ లాక్కుంటూ ఎక్కేది. ఆమె జర్మన్‌లో చెబితే ఈవా తెలుగులోకి మార్చేది, సగం మింగేసి.

"అమ్మా, ఒకప్పుడు పాలడబ్బాలు ఎక్కేవంట. దుంపలు ఎక్కేవంట. మనుషులకి ప్లేసే లేదంట!"

తర్వాత లారీలొచ్చి పాలనీ చక్కెర దుంపలనీ ఎగరేసుకుపోయాయి. టికెట్ల కిటికీ మూశారు. స్టేషను మాస్టరు ఇల్లు అమ్మేశారు. ఆదివారం బండి పోయింది, సాయంత్రం బండి పోయింది. కరోనా రాగానే మధ్యాహ్నం బండిని తాత్కాలికంగా ఆపారు. 'తాత్కాలికంగా' అనే మాట దగ్గరికొచ్చేసరికి మామ్మ మాస్కు ఎగిరిపడేలా నవ్వేది.

రెండు వేల ఇరవై ఒకటి వసంతంలో స్టేషన్లో నోటీసు అంటించారు. పై వాటా కుర్రాడు విక్రాంత్ చదివి చెప్పాడు. వరంగల్ పిల్లాడు, బ్రెమెన్‌లో మాస్టర్స్, క్లాసులన్నీ కంప్యూటర్లోనే.

"అక్కా, వచ్చే వారమంతా ఎంతమంది ఎక్కుతున్నరో లెక్కవెడ్తరంట. తక్కువుంటే లైన్ బంద్."

"ఎంతమందేంటి తమ్ముడూ? నేనూ, ఈవా, నువ్వూ. డ్రైవర్ని కూడా కలుపుతారేమో అడుగు!"

అంటూనే బెంచీ మీద కూలబడింది. పిల్లికూతలు అప్పుడే చెవుల్లో మోగుతున్నాయి. తలెత్తి విక్రాంత్‌ని చూసింది. టోపీకీ మాస్కుకీ మధ్య రెండు కళ్ళు, అంతే.

"ఒరే, నువ్వెలా ఉంటావో నాకు తెలీదు."

"ఏమైందక్కా?"

"ఏడాదైంది నువ్వొచ్చి. నీ మూతి చూడనే లేదు. నువ్వే విక్రాంత్‌వని నమ్మకమేంటి?" ఆమె కళ్ళు మెరిశాయి. "మా ఊళ్ళో అనంతరామయ్యగారు పోయిన నాలుగేళ్ళకి కూడా ఎలక్షన్లో లైన్లో నుంచుని ఓటేశారు. అదీ మాస్కుల్లేని రోజుల్లో! ఇప్పుడు గవర్నమెంటే మన మొహాలకి ముసుగేసింది కదా!"

విక్రాంత్‌కి అర్థమైంది, పొట్ట పట్టుకుని నవ్వాడు. "అక్కా, నువ్వు మామూలుదానివి గాదు."

సోమవారం నుంచి మొదలైంది సంబరం. పెట్టెలో పసుపు జాకెట్టు అమ్మాయి ఒకర్తె టాబ్లెట్ పట్టుకుని లెక్క రాస్తూ కూర్చునేది. జ్ఞానకుమారి ఎర్రచున్నీతో వెళ్ళి, కృపాల్ రెయిన్‌కోటుతో తిరిగొచ్చేది. ఈవా వెళ్ళేటప్పుడు గౌనులో ఆడపిల్ల, వచ్చేటప్పుడు టోపీలో మగపిల్లాడు. విక్రాంత్ ఒకసారి కర్ర పట్టుకుని ముసలాడై వంగి ఎక్కాడు, ఎక్కాక మరిచిపోయి పరుగెత్తుకెళ్ళి కిటికీ సీటు పట్టాడు. భయానికి గుమ్మం దాటని జ్ఞానకుమారి, స్టేషను షెడ్డు వెనక చున్నీ మార్చుకుంటూ చిన్నపిల్లలా కిసుక్కున నవ్వేది.

గురువారం కృపాల్‌కి సెలవు. జ్ఞానకుమారి అతనికి ఆడవేషంగా పూలశాలువా తలమీంచి కప్పింది.

"జ్ఞానా, నాకు సిగ్గేస్తోంది. మా పాస్టరుగారికి తెలిస్తే?"

"తెలిస్తే నీకోసం ప్రార్థన చేయిస్తారు. నడు!"

ఎక్కారు. పసుపు జాకెట్టు అమ్మాయి తల పైకెత్తిందో లేదో, ఈవా లేచి నిలబడి బండంతా వినపడేలా అరిచింది. "దాస్ ఇస్ట్ మైన్ పపా!"

ఆయన మా నాన్నే అని చెప్పడానికి తర్జుమా కూడా అక్కర్లేకపోయింది. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, ఏదో చెప్పింది. విక్రాంత్ నెత్తి కొట్టుకున్నాడు.

"అక్కా, సోమవారం నుంచే మనల్ని గుర్తువట్టిందంట. గీళ్ళు మనుషుల్ని గాదంట లెక్కవెట్టేది, ఎక్కినప్పుడల్లా ఒకటంట. ఒక్క మనిషి పదిసార్లెక్కినా పదే!"

"అయితే ఈ శాలువా?" అన్నాడు కృపాల్.

"నీకు బానే ఉంది, ఉంచుకో," అంది జ్ఞానకుమారి.

ఆ మాట ఊరంతా పాకింది. శుక్ర, శనివారాల్లో రొట్టెలబడి ఆవిడ ఎక్కింది, చర్చి పాటల బృందం గజం దూరంలో ఒక్కొక్కరూ నిలబడి ఎక్కింది, ఒకాయన కుక్కని చూపించి ఇదీ లెక్కేనా అనడిగాడు. చివర దిగడం, మళ్ళీ ఎక్కడం. ఇంత జనాన్ని ఏళ్ళ తరబడి చూడని డ్రైవరు అవసరం లేకపోయినా కూత వేశాడు.

మూడు వారాలకి ఫలితం వచ్చింది. రైలు ఉంటుంది! జ్ఞానకుమారి వంటింట్లో ఈవాని ఎత్తుకుని గిరగిరా తిరిగింది. ఇద్దరూ కళ్ళు తిరిగి సోఫాలో పడ్డారు.

విక్రాంత్ ఫోన్లో కిందికి జరుపుతూ ఆగిపోయాడు. "అక్కా... నడుమ హాల్టు తీసేస్తున్నరు. ఆ వారమంతా ఆడ ఒక్కలు గూడ ఎక్కలే."

గెజీనె మామ్మ! ఆ వారం ఆమె రానే లేదు, ఆ తర్వాతా కనపడలేదు. అంత సందడిలో ఎవరికీ తోచలేదు. బండి అక్కడ ఒక్కసారైనా ఆగలేదు, వీళ్ళూ మీట నొక్కలేదు. ఎప్పుడో మామ్మ రాసిచ్చిన నంబరుకి జ్ఞానకుమారి ఫోను చేసింది. మడతపడే నాలుకతోనే, ఏం మాట్లాడాలో ముందే వల్లించుకుని మరీ చేసింది. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. పొద్దున్నే వెళ్దామనుకుంటే, ఆ సాయంత్రమే కృపాల్‌ని కారులో తీసుకెళ్ళే స్నేహితుడికి పాజిటివ్ వచ్చింది. ఇంటిల్లిపాదికీ క్వారంటైన్. గడప దాటడానికి లేదు. విక్రాంత్ పరీక్షకని బ్రెమెన్ వెళ్ళిపోయాడు. రైలు టైముకి వస్తోంది, పోతోంది. ఆమె కిటికీలోంచి చూస్తోంది.

మీలో ఎవరైనా ఈ వారం అటువైపు కారులో వెళ్తుంటే, మూతపడ్డ పాలకేంద్రం పక్కన ఎర్రిటుకల ఇంటి దగ్గర కాస్త ఆగండి. బెల్లు కొట్టండి. మామ్మకి మోకాళ్ళ నొప్పులు, తలుపు దాకా రావడానికి ఆలస్యమవుతుంది, తొందరపడి వెళ్ళిపోకండి. ఎలా ఉందో చూసి, జ్ఞానకుమారికి ఒక్క కబురు పంపండి.