ఏడో టేపు

నాకు ముక్కు మీదే కోపం అని మా అమ్మ అందరితో చెబుతుంది. అది నిజం కాదు. తెలిసిన విషయాన్ని ఎవరైనా రెండోసారి అడిగితేనే నాకు కోపం వస్తుంది. నట్టు చూడగానే దానికి ఏ సైజు రెంచీ పడుతుందో చెబుతాను. ఇంజన్ మోత వింటూనే ఏ సిలిండర్ మొరాయిస్తోందో చెబుతాను. కాలేజీలో మూడేళ్లు చదివాను, ‘తెలీదు’ అన్న మాట నా నోటి నుంచి ఒక్కసారి కూడా రాలేదు. గొప్పలు పోతున్నానంటారా? పోతున్నాను. పని వచ్చినవాళ్లు కాకపోతే ఇంకెవరు పోతారు?

విమానాల మరమ్మతు చదివేవాళ్లు చివరి ఆరు నెలలూ విమానాలు నిలిపి బాగుచేసే ఏదో ఒక షెడ్డులో, అంటే హ్యాంగర్‌లో, పనిచేయాలి. కాలేజీ వాళ్లు నీలం అట్ట పుస్తకం ఒకటి చేతిలో పెడతారు. అందులో నలభై రెండు వరసలు, వరసకో పని. చేసి చూపిస్తే హ్యాంగర్ పెద్ద ఆ వరసలో సంతకం పెడతాడు. ఒక్క సంతకం తక్కువైనా డిప్లొమా లేదు. మా హ్యాంగర్ వాళ్లు ఏటా ఇద్దరిని తీసుకుని, ఆఖర్న ఒకరిని ఉద్యోగంలో ఉంచుకుంటారు. ఆ ఏడాది ఇద్దరంటే నేనూ, గడియారమూ.

గడియారం నా క్లాసువాడే. అసలు పేరు కాలేజీ రిజిస్టరుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. నిమిషానికోసారి మణికట్టు చూసుకుంటాడు. చేస్తున్న పని సగంలో ఉండగానే మనసు తరవాతి పనిలో ఉంటుంది. మంచివాడు. వాడి టిఫిన్ డబ్బా ముందు నేనే ఖాళీ చేసినా ఏమనడు.

హ్యాంగర్ పెద్దను అందరూ టార్చి మాస్టారంటారు. పట్టపగలు, ఎండ ఇనప తలుపుల్లోంచి లోపలిదాకా పరుచుకున్నా సరే, ఆయన టార్చి వెలిగించే చూస్తాడు. మాలాంటి కాలేజీ పిల్లలకు సొంత పనిముట్లు ఉండకూడదు. ఏది కావాలన్నా స్టోర్ కిటికీ దగ్గర ఇత్తడి బిళ్ల ఇచ్చి తెచ్చుకోవాలి, సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి. జేబులో సొంత టార్చి ఉందంటే ఆ మనిషి హ్యాంగర్ మనిషని అర్థం. ఆ ఆరు నెలలూ నేను ఆ జేబుల వంకే చూశాను. నాకు ఆ ఉద్యోగం కావాలి. గడియారానికి కూడా కావాలి కానీ, నాకు కావలసినంత కాదు.

ఇంకో మూడు రోజుల్లో గడువు ముగుస్తుందనగా నా పుస్తకంలో నలభై ఒక్క సంతకాలు పూర్తయ్యాయి. మిగిలింది విమానం కడగడం. దానికీ ఒక సంతకమా అని చిన్నచూపుతో అన్నిటికన్నా వెనక్కి నెట్టాను.

నిజానికి కడగడంలో కష్టం నీళ్లూ సబ్బూ కాదు, రంధ్రాలు. విమానం ఒంటి మీద అక్కడక్కడా చిన్న చిన్న రంధ్రాలుంటాయి. వాటిలోకి వచ్చే గాలిని బట్టే పైలట్ ముందున్న మీటర్ల ముళ్లు ఎంత ఎత్తులో ఉన్నారో, ఎంత వేగంగా పోతున్నారో చూపిస్తాయి. రంధ్రం మూసుకుపోతే ముల్లు అబద్ధం చెబుతుంది. అందుకని కడిగే ముందు వాటిలోకి నీళ్లు పోకుండా నారింజ రంగు టేపు అంటిస్తాం, దూరానికి కూడా కనబడేలా కొస తోకలా వేలాడదీసి. ఎన్ని అంటించామో లెక్కపెట్టి ఒక కార్డు మీద రాసి పైలట్ సీటులో పెడతాం. కడిగాక టేపులు పీకి అదే కార్డు వెనక అంటిస్తాం. ముందు అంకె, వెనక టేపులు. రెండూ కలిస్తేనే విమానం కదులుతుంది.

అంటించాక రాయాలి. అది పద్ధతి. నేను రాశాక అంటించాను. ఆ విమానానికి ఏడు రంధ్రాలని నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. తెలిసినదానికి మళ్లీ లెక్కేమిటి? సబ్బు బకెట్ పట్టుకోకముందే కార్డు మీద ‘7’ అని గుండ్రంగా రాసి సీటులో పడేశాను. ఎడమ పక్కా, ముక్కూ నావి. కుడి పక్కా, తోకా గడియారానివి.

ఆ విమానం చిన్నది, రెండు ఇంజన్లది, ఊళ్ల ఆసుపత్రులకు మందులు చేరవేస్తుంది. రెండు గంటలకు బయల్దేరాలి. ఒంటిగంటంపావుకు కడగడం అయిపోయింది. తళతళలాడుతోంది. నేను పీకిన నాలుగూ, గడియారం పీకినవీ కార్డు వెనక అంటించి మాస్టారి చేతికిచ్చాను. నీలం పుస్తకం కూడా తెరిచి పక్కనే పెట్టాను, సంతకానికి ఆలస్యం ఎందుకని.

మాస్టారు కార్డు తిప్పాడు. వేలితో ఒక్కో టేపూ తాకుతూ లెక్కపెట్టాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

“ముందు ఏడు. వెనక ఆరు. ఒకటేదమ్మాయ్?”

నేను గడియారం వంక చూశాను. వాడు అప్పటికే విమానం చుట్టూ ఒక పరుగు తీసి వచ్చాడు.

“ఎక్కడా లేదు మాస్టారూ. నారింజ రంగన్నది కనబడితే ఒట్టు. అసలు రోలు ఆరు ముక్కలకే అయిపోయింది. నేను రెండు అంటించేసరికి లోపలి అట్ట గొట్టమే మిగిలింది. కొత్తది తెద్దామని స్టోరుకు పోతే భోజనానికి మూసేశారు.” నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “ఆరే అంటించాం తల్లీ. నువ్వు అలవాటుకొద్దీ ఏడని రాసుంటావు. దిద్దెయ్. టైమవుతోంది.”

వాడు చెప్పింది వింటే లెక్క సరిపోయింది. ఆరు అంటించాం, ఆరు పీకాం, ఏడు చేతి పొరపాటు. నా బుర్రకు కూడా అదే నిజమనిపించింది. పైలట్ అప్పుడే హ్యాంగర్‌లోకి వస్తోంది. నెరిసిన జుట్టును బిగించి ముడేసుకునే కెప్టెన్ గారామె. చేతి గడియారం చూడలేదు, మమ్మల్నే చూసింది.

మాస్టారు పెన్ను తీసి నాకిచ్చాడు. “అంకె రాసింది నువ్వు. చెప్పు. ఆరా, ఏడా? ఆరంటే దిద్ది పక్కన నీ సంతకం పెట్టు. విమానం పోతుంది.”

ఒక్క గీత. ఏడును ఆరు చేసేస్తే సరి. విమానం వేళకు పోతుంది, నా పుస్తకం నిండుతుంది, ఉద్యోగం ఇంచుమించు చేతికొచ్చినట్టే. పెన్ను మూత తీశాను కూడా.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ దర్జీ. ఆమె దగ్గర పన్నెండు గుండుసూదులుంటాయి. కుట్టు అయ్యాక పన్నెండూ దిండులోకి తిరిగి వస్తేనే బట్ట మనిషి చేతికిస్తుంది. ఒకసారి పదకొండే దొరికాయి. అవతల మనిషి గుమ్మంలో నించుంది, నేనేమో పదకొండే పెట్టావులే అమ్మా, నేను చూశాను అని గదమాయించాను. అమ్మ తల కూడా ఎత్తలేదు. “చూశావా, చూశాననుకుంటున్నావా? ఏదో ఒకటి చెప్పు,” అంది. నాకు ఒళ్లు మండి లేచి వెళ్లిపోయాను. పన్నెండో సూది కాలరులో దొరికిందని సాయంత్రం చెప్పింది. అప్పుడు కూడా నేను ఒప్పుకోలేదు.

చూశానా? గడియారం వైపు వెళ్లి నేను చూడలేదు. లెక్కపెట్టలేదు. కార్డు మీద ఉన్న ఏడు అంటించిన ఏడు కాదు, నేను అనుకున్న ఏడు. ఇప్పుడు రాయబోయే ఆరు కూడా అలాంటిదే.

పెన్ను మూత పెట్టేశాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

“నాకు తెలీదు మాస్టారూ.”

గడియారం తల తిప్పి నా వైపు చూశాడు. మూడేళ్లలో వాడు ఆ మాట నా నోట విననేలేదు.

“తెలీకపోవడమేంటి?” అన్నాడు మాస్టారు.

“అంటించక ముందే రాశాను. లెక్కపెట్టలేదు. కార్డు చెల్లదు. ఆరని రాసినా చెల్లదు. ఒక్కో రంధ్రం వేలితో తడిమి చూసేదాకా విమానం కదలకూడదు.” కెప్టెన్ గారి వైపు తిరిగాను. “ఆలస్యమవుతుంది మేడమ్. తప్పు నాది.”

ఆమె టోపీ తీసి చంకలో పెట్టుకుంది. “చూడండి. నేనుంటాను.”

మాస్టారు నా ముందున్న నీలం పుస్తకం తీసుకుని మూసేశాడు. సంతకం పెట్టలేదు. టార్చి వెలిగించి ముక్కు దగ్గర మొదలుపెట్టాడు. దీపాన్ని ఎదురుగా కాదు, రేకుకు ఆనించినట్టు పక్కవాటుగా పెట్టి చూశాడు. ఒకటి. వేలితో తడిమాడు. రెండు. నేను వెనకే నడుస్తూ పైకి లెక్కపెట్టాను. ఆరో రంధ్రం దాటి తోక దగ్గర కుడి పక్కకు వచ్చాం. వెలుతురు పడగానే అక్కడ రేకు మీద గాజు ముక్కలా ఏదో మెరిసింది.

మాస్టారు గోటితో గీకాడు. అట్టపెట్టెలకు వేసే పారదర్శకమైన టేపు, బొటనవేలంత ముక్క, చుక్క నీరు కూడా దూరకుండా నున్నగా అంటుకున్నది, ఊడి వచ్చింది. కింద రంధ్రం.

గడియారం చక్రం పక్కన కూలబడ్డాడు. “నేనే,” అన్నాడు. “స్టోరు తెరిచేదాకా ఉంటుందిలే అని జేబులో ఉన్నది అంటించాను. మారుద్దామనుకున్నాను. ఇంతలో బకెట్ తెమ్మన్నారు... మర్చిపోయాను. ఒట్టు మాస్టారూ, పూర్తిగా మర్చిపోయాను.”

వాణ్ణి ఎవరూ తిట్టలేదు. తిట్టడానికి నాకు ముఖం లేదు. నేను పద్ధతి ప్రకారం అంటించాక తిరిగి లెక్కపెట్టి ఉంటే, తోక దగ్గరే అది నా కళ్లబడేది. వాడు మరిచిపోయాడు, నేను తెలుసనుకున్నాను. రెంటిలో ఏది పెద్దదో నాకు తెలుసు. ఈసారి నిజంగానే తెలుసు.

కెప్టెన్ గారు ఆ టేపు ముక్కను మాస్టారి వేలి మీంచి తీసుకుని కార్డు వెనక ఏడోదిగా అంటించింది. రెండూ ఇరవైకి విమానం లేచింది.

సాయంత్రం మాస్టారు మా ఇద్దరినీ పిలిచాడు. “ఇవాళ్టి పనికి సంతకం లేదు. ఎల్లుండి పొద్దున్న ఆరింటికి అదే విమానం మురికిగా వస్తుంది.”

“ఎల్లుండే ఆఖరి రోజు మాస్టారూ,” అన్నాను.

“నాకూ క్యాలెండర్ ఉంది.”

ఇంటికి వెళ్లి అమ్మకు అంతా చెప్పాను. అమ్మ మిషను తొక్కుతూనే విన్నది. “మరి సూదుల సంగతి ఇప్పటికైనా ఒప్పుకుంటావా?” అంది. ఒప్పుకున్నాను. నవ్వు ఆపుకోలేక దారం తెంపేసుకుంది.

ఆ ఎల్లుండి నేను ఐదున్నరకే హ్యాంగర్‌లో ఉన్నాను. గడియారం మణికట్టు ఖాళీగా ఉంది. వాచీ ఇంట్లో పెట్టి వచ్చానన్నాడు. కొత్త నారింజ రోళ్లు రెండు పెట్టుకున్నాం. అంటించాం. వాడి పక్క నేను తిరిగాను, నా పక్క వాడు తిరిగాడు. అప్పుడు రాశాను, ‘7’ అని. కడిగాం. పీకాం. మాస్టారు కార్డు తిప్పి ఏడూ లెక్కపెట్టాడు. తరవాత కెప్టెన్ గారు కార్డు అందుకుని, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. రెండు రోజుల ముందైతే నాకు ఒళ్లు మండేది, నన్ను నమ్మరా అని. ఆ రోజు ఆమె ఏడు అనేదాకా నేనూ ఆమెతోపాటు లోలోపల లెక్కపెట్టుకున్నాను.

మాస్టారు ముందు గడియారం పుస్తకంలో సంతకం పెట్టాడు. వాడు నన్ను మోచేత్తో పొడిచి, “ఉద్యోగం దీనికే ఇవ్వండి మాస్టారూ, నాకింకా వాచీ లేకుండా బతకడం రావాలి,” అన్నాడు. ఆయన విననట్టే నా పుస్తకం తీశాడు. నలభై రెండో వరసలో సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊది, నా చేతికిచ్చాడు. నేను నించునే ఉన్నాను. ఆయన వెళ్లిపోతూ తలుపు దగ్గర ఆగాడు.

“సోమవారం ఆరింటికి రా. నీ టార్చి నువ్వే తెచ్చుకో.”