పల్లవి ఎత్తుకున్న రోజు

రేడియోలో అనౌన్సరు ఉద్యోగం వచ్చాక కూడా నేను శనివారం భజన మానలేదు. కాపురం ఏలూరులో. రోజూ రైల్లో వెళ్లి ఉద్యోగం చేసి వచ్చేవాణ్ణి. శనివారం సాయంత్రం హార్మోనియంతో మండవల్లి బస్సెక్కేవాణ్ణి. దేవుడి పనీ గవర్నమెంటు పనీ రెండూ చేస్తున్నానని మా ఆవిడ కాంతం దగ్గర కాస్త గొప్పగానే చెప్పుకునేవాణ్ణి.

ఆ భజన బృందంలో మిగతావాళ్లంతా కొల్లేట్లో చేపలు పట్టేవాళ్లు. పాటలు కట్టేది ముత్యాలరావు. గాలివానకు దోనె తిరగబడి తమ్ముడు పోయినప్పుడు, రాముణ్ణి నిలదీస్తూ ఒక పాట కట్టాడు. అది వింటే ఆడవాళ్లు కొంగుతో కళ్లు ఒత్తుకునేవారు. అక్కడొక పద్ధతి ఉంది. పాట కట్టినవాడు ఎదురుగా ఉండగా పల్లవి ఇంకొకరు ఎత్తుకోరు. అతని గొంతు వినబడ్డాకే మిగతావాళ్లు అందుకుంటారు.

యాభై ఆరులో ఆ పాటను రేడియోలో పెట్టించాను. ఆ రోజు అందరూ ఉతికిన పంచెలతో వచ్చారు. వాళ్లను స్టూడియోలో కూర్చోబెట్టి అద్దం అవతలి గదిలోకి వెళ్లాను. ముందు పాడేదెవరని మా అధికారి అడిగారు. ఎవరి పేరు చెప్పినా ఆయన సరేననేవారు.

"ముత్యాలరావని ఒకతను ఉన్నాడండి. మైకు ముందు పనికిరాడు. చేపలవాడు, మాట మోటు. నేనే పాడతానండి" అన్నాను.

ఎందుకన్నాను? వాళ్ల వెనక కూర్చుంటే నన్నూ వాళ్లలో జమకడతారని భయపడ్డానేమో.

లోపలికి వచ్చి, పల్లవి నన్నెత్తుకోమని పైవాళ్లు చెప్పారని అబద్ధమాడాను. ముత్యాలరావు తలూపి వెనక వరసలోకి జరిగాడు. ఎర్రదీపం వెలిగింది. పల్లవి పాడాను. వెనకనుంచి ఒక్క గొంతూ లేవలేదు. తాళాలు కూడా ఆగిపోయాయి. ఊళ్లలో పంచాయతీ రేడియోల ముందు ఎంతమంది కూర్చుని వింటున్నారో! అప్పుడు ముత్యాలరావు అందుకున్నాడు. అతని వెంట అందరూ అందుకున్నారు.

బాగా పాడానని అధికారి నన్ను మెచ్చుకున్నారు.

వారమంతా పూజలో కూర్చున్నా మనసు నిలవలేదు. ఇక నన్ను హార్మోనియం దగ్గర కూర్చోనిస్తారో లేదో తెలియకపోయినా శనివారం మండవల్లి వెళ్లి, అందరి ముందూ నిజం చెప్పేశాను. పైవాళ్లెవరూ చెప్పలేదని, అధికారితో నేనన్న మాటలు ఇవీ అని, ఉన్నదున్నట్టు చెప్పాను.

ముత్యాలరావు నెమ్మదిగా అన్నాడు: "మాకు తెలుసండి. మీరా అద్దం గదిలో, మాతో మాట్లాడ్డానికుండే మీట మీద చెయ్యి ఆనించి మాట్లాడారు. ఇవతల గోడ మీది పెట్టెలోంచి అంతా మాకు వినపడిందండి."

"విని కూడా ఎందుకందుకున్నావయ్యా?"

"పాట ఆగిపోద్ది కదండీ. మా తమ్ముడి పాటండి అది."

నన్ను కాపాడటానికి అందుకున్నాడని ఈ వారమంతా అనుకున్నాను. అదీ కాదు.

తాళాలు వాయించే బుల్లిరాజు నా వైపు చూడకుండా, "ఏవండీ, మా మోటు మాటలు మేం పాడుకుంటాం గానీ, మీరు శ్రుతి పట్టండి" అన్నాడు. ఎవరో నవ్వారు.

శ్రుతి పట్టాను. ముత్యాలరావు పల్లవి ఎత్తుకున్నాడు. అతని వెంట మిగతావాళ్లు అందుకున్నారు, నేను శ్రుతి పడుతూ కూర్చున్నాను. క్షమించామని ఎవరూ అనలేదు. లేచి వెళ్లమని కూడా అనలేదు. దేవుడు కూడా మనల్ని ఇలాగే కూర్చోనిస్తాడా?